ప్లేస్కూలు ఫీజు కంటే ముందు చెవి పరీక్ష

ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినామె పేరు వేయొద్దన్నారు. వయసు 24, ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నారు. సీజన్‌లో పొగాకు గ్రేడింగుకు వెళతారు, కూలి రోజుకు 400 రూపాయలు. పొద్దున ఏడున్నరకి మేస్త్రీ పంపే ఆటో ఎక్కితే మళ్లీ ఇల్లు చేరేది సాయంత్రం ఆరున్నరకి. భర్తకి చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని. వాళ్ల బాబుకి రెండేళ్ల రెండు నెలలు. పగలంతా వాడిని చూసుకునేది అత్తగారు. ఆమెకి మోకాళ్ల నొప్పులు. బాబుతో పాటు ఆడబిడ్డ కూతురు, నాలుగేళ్ల పాప కూడా ఆమె దగ్గరే ఉంటుంది.

బాబుకి వచ్చిన మాటలు ఐదారు: అమ్మ, నాన్న, తాత, పాలు, బూచి. రెండు మాటలు కలిపి ఇంతవరకు అనలేదు. కావాల్సిందాన్ని వేలితో చూపిస్తాడు, చెయ్యి పట్టి లాక్కెళతాడు. ఫోన్ చేతికిస్తే తప్ప అన్నం తినడు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి టీలో బిస్కెట్ ముంచి పెడతారు. పాప పలక మీది బలపాలు కొరికి తింటాడు. అంగన్‌వాడీలో తూకం వేస్తే 10 కిలోల 400 గ్రాములు ఉన్నాడు. పోయిన వానాకాలం రెండుసార్లు చెవిలో చీము వస్తే వెల్లుల్లి కాచిన నూనె పోశారు, తగ్గింది. "మగపిల్లలకి మాట లేటే, వాళ్ల నాన్నకీ మూడేళ్లకి గానీ రాలేదు" అంటూ అత్తగారు వస అరగదీసి నాకిస్తున్నారు. పక్కింటివాళ్ల బాబు ఒంగోలు ప్లేస్కూల్లో ఏబీసీడీలు చెబుతున్నాడని, నూటికి మూడు రూపాయల వడ్డీకి 24,000 తెచ్చి తమ బాబునీ చేర్పిద్దామని భర్త పట్టుబడుతున్నారు. ఆమె అడుగుతున్నది ఇది: "పని మానేసి ఇంట్లో ఉండనా, అప్పు చేసి స్కూల్లో వేయనా? పెద్ద చదువు లేనిదాన్ని, నేను వాడికి ఏం నేర్పగలను?"

అమ్మా, మీరు రెండు దారులు చూపించి ఏదో ఒకటి చెప్పమన్నారు. ఆ రెండింటికన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతి మీ ఉత్తరంలోనే, మధ్యలో ఒక్క వాక్యంలో ఉంది. చెవిలో చీము సంగతి. నూనె పోస్తే తగ్గిందన్నారు. చీము కారడం ఆగినా కర్ణభేరి వెనక నీరు నిలిచిపోవచ్చు. అలా నిలిస్తే పిల్లవాడికి పూర్తిగా వినపడకుండా పోదు, మాట ముద్దగా, దూరం నుంచి వచ్చినట్టు వినపడుతుంది. తలుపు చప్పుడుకి తిరుగుతాడు, ఫోన్‌లో పాట పెడితే పరిగెత్తుకొస్తాడు. అందుకే వినికిడి బాగానే ఉందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కానీ "పాలు"కీ "కాలు"కీ తేడా వాడి చెవికి అందదు. తేడా వినపడని మాటను నోరు పలకలేదు.

ఇంట్లో ఒకసారి ఇలా చేసి చూడండి. బాబు ఆటలో ఉన్నప్పుడు వెనక నుంచి, మూడడుగుల దూరంలో, వాడికి మీ నీడ కూడా కనపడకుండా నిలబడి గుసగుసగా పేరు పిలవండి. చప్పట్లు కొట్టొద్దు, పళ్లెం మోగించొద్దు. పెద్ద చప్పుడు సగం వినికిడి ఉన్నవాళ్లకీ అందుతుంది. కుడివైపు నుంచి రెండుసార్లు, ఎడమవైపు నుంచి రెండుసార్లు పిలవండి. తిరగకపోతే అనుమానం గట్టిపడినట్టే. తిరిగినా సరే, అసలు పరీక్ష మానొద్దు. ఇంటి పరీక్ష తప్పు ఉన్నట్టు చూపగలదు, లేదని తేల్చలేదు.

అసలు పరీక్షకి ఏఎన్ఎమ్‌తో మాట్లాడి పీహెచ్‌సీ డాక్టర్ దగ్గర రిఫరల్ చీటీ రాయించుకుని ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల ఓపీకి, అక్కణ్నుంచి ఈఎన్‌టీకి వెళ్లండి. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్లో వినికిడి లోపం, ఎదుగుదల ఆలస్యం లాంటివి గుర్తించి ఉచితంగా వైద్యం చేయించాలి. దానికోసం జిల్లా స్థాయిలో పెట్టిన కేంద్రాన్ని డైక్ అంటారు, ఆ పేరుతోనే అడగండి. ముందు చెవిలో గులిమి ఉందేమో చూస్తారు. తరువాత చిన్న గొట్టం చెవిలో పెట్టి చేసే పరీక్షలు ఉంటాయి, నొప్పి ఉండదు, కొద్ది నిమిషాల్లో అయిపోతాయి. శబ్దం చెవి నుంచి మెదడుకి అందుతోందో చూసే బెరా అనే పరీక్ష రాస్తే దానికి పిల్లవాడు నిద్రపోవాలి. ఆ రోజు తెల్లవారుజామునే లేపి, దారిలో నిద్రపోనీకుండా తీసుకెళ్లండి. బస్సులో నిద్రపోయి అక్కడ మేలుకుని కూర్చుంటే ఆ రోజు కూలీ, ఛార్జీలూ వృథా అయి మళ్లీ రమ్మంటారు. నీరు చేరిందని తేలితే చాలాసార్లు మూడు నెలలు చూద్దామంటారు, కొందరికి దానంతటదే ఇంకిపోతుంది. ఆ మూడు నెలలూ ఇంట్లో అందరూ వాడి ముఖానికి ఎదురుగా వచ్చి, దగ్గరగా మాట్లాడాలి. ఇకనుంచి చెవిలో నూనె మాత్రం వద్దు. కర్ణభేరికి చిల్లు ఉంటే నూనె లోపలికి దిగి చీము మళ్లీ పెడుతుంది.

అత్తగారి మాటలో కొంత నిజముంది. కొందరు పిల్లలకి మాట ఆలస్యంగానే వస్తుంది, తరువాత అందరితో సమానమవుతారు. అయితే ఏ పిల్లవాడు అలా అందుకుంటాడో, ఎవరు వెనకపడిపోతాడో రెండేళ్లప్పుడు చూసి చెప్పడం కష్టం. రెండేళ్లు నిండేసరికి "అమ్మ దా", "పాలు కావాలి" లాంటి రెండు మాటల జత రావాలి, రెండున్నరేళ్లకి సుమారు 50 మాటలు ఉండాలి. మీ బాబు ఈ గీతకి కింద ఉన్నాడు, కాబట్టి పరీక్ష చేయించాలి. భయం కాస్త తగ్గించే సంగతి కూడా మీరే రాశారు: వేలితో చూపిస్తాడు, మిమ్మల్ని లాక్కెళ్లి చూపిస్తాడు. ఎదుటివాళ్లతో పంచుకోవాలన్న ఆశ వాడిలో నిండుగా ఉందన్నమాట. పిలిస్తే కళ్లలోకి చూడకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా ఒక్కరోజు కూడా ఆగొద్దని చెప్పేవాళ్లం. వస మాత్రం ఆపించండి. దానివల్ల మాటలు రావు, మోతాదు మించితే వాంతులవుతాయి. "డాక్టరు పరీక్ష అయ్యేదాకా ఏమీ నాకించొద్దన్నారు" అని డాక్టరు మీద పెట్టి చెబితే అత్తగారికి చిన్నతనంగా ఉండదు.

బలపం తినడం అల్లరి కాదు. మట్టి, సుద్ద, బలపం తినాలనిపించడం చాలాసార్లు రక్తహీనతకి గుర్తు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తం తక్కువే. ఇనుము చాలకపోతే ఒంటికే కాదు, మెదడు ఎదుగుదలకీ దెబ్బ: పిల్లవాడు చికాగ్గా ఉంటాడు, దేనిమీదా నిలవడు, కొత్తది నేర్చుకోవడం నెమ్మదిస్తుంది. ఒంగోలు వెళ్లినప్పుడే హిమోగ్లోబిన్ చూడమనండి. ఈ వయసులో 11 ఉండాలి. తక్కువుంటే మందు మోతాదు డాక్టరు రాస్తారు. బాగానే ఉన్నా ఏఎన్ఎమ్ దగ్గర దొరికే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, ఒక్కొక్క మిల్లీలీటరు చొప్పున ఐదేళ్లు నిండేదాకా పోయాలి. చాలా ఇళ్లలో ఈ సీసా సగంలో ఆగిపోయేది మలం నల్లగా రావడం చూసి భయపడి. అది మందు రంగే. ఆరు నెలలకోసారి నులిపురుగుల మందు కూడా వేయించండి, రెండేళ్లు దాటాయి గనుక 400 మిల్లీగ్రాముల మాత్ర, మెత్తగా పొడిచేసి.

టీ మానాలి. ఇందులో బేరం లేదు. టీ తిండిలోని ఇనుముని ఒంటికి పట్టనీయదు, పైగా బిస్కెట్‌తో కడుపు నిండి అన్నం వేళకి ఆకలి ఉండదు. ఆకలి లేని పిల్లవాడికి ఫోన్ చూపించి కుక్కాల్సి వస్తోంది. మీ ఇంట్లో ఫోన్ గొడవ సగం ఈ టీ దగ్గరే మొదలవుతోందని మా అంచనా. ఈ వయసు మగపిల్లవాడి సగటు బరువు పన్నెండున్నర కిలోలు, 10 కిలోలకి దిగితే తక్కువ బరువు కింద లెక్క. మీవాడు గీతకి ఇవతలే ఉన్నాడు గానీ, ఒక్క పెద్ద విరేచనాల జబ్బు చేస్తే అవతలికి జారేంత దగ్గరలో ఉన్నాడు. రోజుకి మూడు నాలుగు పూటల భోజనం, ఒకటి రెండుసార్లు చిరుతిండి పడాలి. పూటకి పావు లీటరు పట్టే గిన్నె నిండా, పల్చటి చారన్నం కాదు, చెంచా వంచితే జారిపోనంత చిక్కగా. పప్పు, మెత్తగా ఉడికిన మునగాకు, ఒక చెంచా నూనె లేదా నెయ్యి కలిపి, చివర నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఆకులోని ఇనుము ఒంటికి పడుతుంది. రోజుకో గుడ్డు. వేరుశనగ పప్పులు పొడి కొట్టే పెట్టండి, గింజగా పెడితే గొంతులో అడ్డం పడతాయి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం నెల లెక్క వేసి వాడి ఒక్కడి కోసం ఇచ్చేది. ఇంటిల్లిపాదికీ ఉండలు చుడితే వారంలో అయిపోతుంది. అందులో చక్కెర ముందే ఉంటుంది, మళ్లీ కలపొద్దు.

ఇక మీ పెద్ద ప్రశ్న: నేనేం నేర్పగలను అని. 1980ల్లో జమైకా దేశపు కింగ్‌స్టన్ పేదవాడల్లో పరిశోధకులు, ఎదుగుదల కుంగిన 129 మంది పసివాళ్లతో ఒక పని చేశారు. వాళ్లలో కొందరి ఇళ్లకి ఆ ఊళ్లోని ఆరోగ్య కార్యకర్తలే వారానికోసారి వెళ్లి, ఒక గంట కూర్చుని, ఇంట్లో పారేసే డబ్బాలు, సీసాలతో చేసిన బొమ్మలతో పిల్లల్ని ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లులకి చూపించారు. రెండేళ్లు అంతే. ఆ పిల్లలకి 22 ఏళ్లు వచ్చాక చూస్తే, అలాంటి సాయం అందని తోటివాళ్లకన్నా వాళ్ల సంపాదన 25 శాతం ఎక్కువ. ఆ తల్లులెవరూ పెద్ద చదువులవాళ్లు కారు.

వాళ్లు చూపించింది మీ ఇంట్లోనూ చేయొచ్చు. పిల్లవాడు దేన్ని చూస్తున్నాడో మీరూ అటు చూడండి. దాని పేరు చెప్పండి. చెప్పి ఊరుకోండి, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా. ఆ ఐదు అంకెలే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే పెద్దవాళ్లకి ఆగడం రాదు. వాడు ఒక శబ్దం చేసినా, వేలు చూపినా అది జవాబే. దానికి మీరు ఒక మాట జోడించి తిరిగి ఇవ్వండి. వాడు "పాలు" అంటే "వేడి పాలు" అనండి. "తాత" అంటే "తాత వచ్చాడు" అనండి. "ఇదేంటి చెప్పు, అదేంటి చెప్పు" అని పరీక్ష పెట్టొద్దు. మాట రాని పిల్లవాడు వరుస ప్రశ్నలకి నోరు మూసుకుంటాడు. ఏదైనా ఇచ్చేటప్పుడు రెండు చూపించండి: "అరటిపండా, గుడ్డా?" వేలు చూపించినా ఇచ్చేయండి, ఇస్తూ పేరు చెప్పండి. మాట అంటేనే ఇస్తానని ఏడిపించడం వద్దు. అన్నీ తెలుగులోనే, మీరు మామూలుగా మాట్లాడే తెలుగులోనే.

ఇది మీరు పనిలోకి వెళ్లిన పదకొండు గంటల్లో జరగాలంటే చేయాల్సింది అత్తగారు. ఆమెకి పని పెంచితే సాగదు. కూర్చుని చేసే పనిలోకే వాడిని రానివ్వాలి. తోటకూర వలిచేటప్పుడు కాడలు గిన్నెలో వేయించడం, మడత పెట్టేటప్పుడు "ఇది నాన్న చొక్కా, ఇది నీ చొక్కా" అనడం, చేట పక్కన రెండు కొబ్బరి చిప్పలు పెట్టి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నీళ్లు పోయించడం. ఖాళీ సీసాలో కాసిని కందులు పోసి మూత గట్టిగా బిగించి టేపు చుడితే గిలక్కాయ అవుతుంది. టేపు వదులైన రోజున పారేయండి. అగ్గిపెట్టెలో పట్టేంత చిన్నది ఏదీ, చింతగింజలతో సహా, వాడి చేతికి ఇవ్వొద్దు. నాలుగేళ్ల పాప మీకు పెద్ద అండ, పిల్లలు పిల్లల దగ్గర త్వరగా నేర్చుకుంటారు. ఒక్కటి గమనించండి: వాడు అడగకముందే ఆ పాప తెచ్చి ఇచ్చేస్తుంటే వాడికి మాటతో పనే పడదు. "తమ్ముడిని అడిగి ఇవ్వమ్మా" అని పాపకే ఆ పెద్దరికం అప్పగించండి.

ఫోన్ ఒక్కసారిగా లాక్కోవద్దు. ముందు అన్నం దగ్గర మాత్రం ఆపండి. మొదటి మూడు నాలుగు రోజులు గట్టిగా ఏడుస్తాడు, రెండు ముద్దలు తిని లేచిపోతాడు. ఆ మూడు రోజులు మీకు పని లేని రోజులు చూసుకుని మొదలుపెట్టండి. అత్తగారి ఒక్కరిమీద వదిలేస్తే మూడో రోజు ఆమె మనసు కరిగి ఫోన్ ఇస్తారు, గట్టిగా ఏడిస్తే వస్తుందని వాడు నేర్చుకుంటాడు, రెండోసారి ఆపడం ఇంకా కష్టమవుతుంది. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజు మొత్తానికి గంటకి మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంటని అత్తగారు నడుం వాల్చే మధ్యాహ్నానికి కేటాయించండి. ఆమెకీ విశ్రాంతి కావాలి గదా.

మీరు రాగానే వాడు ఎగిరి మీదికొస్తాడు, నిజమే. అయినా ముందు చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, చీర మార్చుకున్నాకే ఎత్తుకోండి. పొగాకు దుమ్ములో నికోటిన్ ఉంటుంది. మీ ఆయన బట్టల మీది రాతి దుమ్ముకీ ఇదే నియమం. తరువాత అన్నం పెట్టే ఇరవై నిమిషాలు, పడుకునే ముందు పదిహేను నిమిషాలు మీవి. ఆ పదిహేను నిమిషాలు వాళ్ల నాన్నకి ఇచ్చినా మంచిదే.

ఇప్పుడు దారుల సంగతి. పని మానేస్తే పగలంతా మీరుంటారు, అది వాడికి లాభమే. కానీ రోజుకి 400 పోతే ఇంట్లో ముందు తగ్గేది గుడ్డు, పాలు. మీ చేతిలో డబ్బు ఆడకపోతే వాటికోసం అడగాల్సి వస్తుంది. చెవి పరీక్షలు, మొదటి మూడు వారాల అలవాట్ల మార్పు కోసం కొద్ది రోజులు సెలవు పెట్టి, మళ్లీ వెళ్లడం నడిమి దారి. మేస్త్రీ మీ చోటు వేరేవాళ్లకి ఇచ్చేస్తాడన్న భయం ఉంటే ముందే ఏ రోజు తిరిగి వస్తారో చెప్పి వెళ్లండి. 50 మందికి తగ్గకుండా పనిచేసే చోట పిల్లల గది ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చని చట్టం ఉంది. ఒక్కరే అడిగితే పని పోవచ్చు. చిన్నపిల్లలున్న పది మంది కలిసి అడిగితే మాట నిలుస్తుంది.

ప్లేస్కూలు తప్పని మేమనడం లేదు. ఈ వయసులో వాడికి కావాల్సింది తనవైపు తిరిగి, తన శబ్దానికి జవాబు చెప్పే మనిషి. ఒక గదిలో పాతిక మంది, ఒక టీచరు, ఒక ఆయా ఉంటే ఎవరివంతు ఎంత వస్తుందో మీరే ఊహించండి. సరిగా వినపడని పిల్లవాడికి ఆ సందడిలో ఇంకా తక్కువ అందుతుంది. పక్కింటి బాబు ఏబీసీడీ చెప్పడం కంఠతా పట్టడం, మాట్లాడటం వేరు. అప్పు లెక్క కూడా చూడండి: 24,000కి నూటికి మూడంటే నెలకి 720, ఏడాదికి వడ్డీయే 8,640. గుడ్డు ఏడు రూపాయలనుకున్నా రోజుకొకటి చొప్పున ఏడాదికి 2,555. చేర్చాలనే మీ ఆయన గట్టిగా అనుకుంటే మూడేళ్లు నిండాక ఆలోచించమనండి, అది కూడా పొదుపు సంఘం అప్పుతోనే. చేరే ముందు ఒక పూట అక్కడ కూర్చుని చూడండి, టీచరు పిల్లలతో మాట్లాడుతోందా, పిల్లలతో వల్లెవేయిస్తోందా అని. బడికెళ్లే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ఒకటో తరగతి నుంచే వస్తుంది, ఎల్‌కేజీకి రాదు. ప్రైవేటు బడుల్లో పేదపిల్లలకి చట్టప్రకారం ఇచ్చే 25 శాతం ఉచిత సీట్లకి మన రాష్ట్రంలో ఒకటో తరగతిలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాబట్టి ఇప్పుడు కట్టకపోతే తరువాత చోటు దొరకదన్న భయం అక్కర్లేదు.

మీ ఊరి అంగన్‌వాడీలో పిల్లలు తిని పడుకోవడమే తప్ప ఏమీ నేర్పరని రాశారు. నేర్పాలని 2023 నుంచి పోషణ్ భీ పఢాయీ భీ పేరుతో టీచర్లకి శిక్షణ ఇస్తున్నారు. మూడేళ్లలోపు పిల్లలకి నెలవారీగా ఏ ఆట ఆడించాలో చెప్పే నవచేతన అనే ప్రణాళిక 2024లో వచ్చింది. టీచరుని తప్పుపట్టకుండా, "మావాడి వయసుకి నవచేతనలో ఏముందో ఈ నెల చెప్పండి" అని అడగండి. పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్ల నుంచే అయినా, పాపని అక్కడ దింపేటప్పుడు బాబునీ ఒక గంట కూర్చోనిస్తారేమో కనుక్కోండి. అత్తగారికి ఆ గంట ఊపిరి పీల్చుకునే వీలు.

ఒక నోటు పుస్తకంలో వాడు అనే ప్రతి కొత్త మాటా తేదీతో రాయండి. వాడు "పాలు"ని "పాయి" అన్నా, ఎప్పుడూ పాల కోసమే అంటే అది మాట కిందే లెక్క. చెవి పరీక్షకి వెళ్లినప్పుడు ఆ పుస్తకం డాక్టరుకి చూపించండి. రెండున్నరేళ్లు నిండేసరికి, అంటే ఇంకో నాలుగు నెలలకి, రెండు మాటలు కలపడం మొదలుకాకపోతే వినికిడి బాగున్నా సరే స్పీచ్ థెరపీ కావాలని అడగండి. వారం వారం ఒంగోలు వెళ్లడం మీకు కుదరదు గనుక, ఇంట్లో ఏం చేయించాలో అత్తగారికి నేర్పి పంపమని చెప్పండి, నెలకోసారి వస్తామనండి. ఆ మొదటి రోజు అత్తగారిని వెంట తీసుకెళ్లడం మరిచిపోవద్దు.